తెలుగు సంఘాల పెద్దలకు: ఆ నలుగురి ఉత్తరాన్ని కూడా స్టేజీ ఎక్కనివ్వండి

అమెరికాలోని తెలుగు సంఘాల పెద్దలకు, సాంస్కృతిక కార్యక్రమాలు చూసుకునే కమిటీ సభ్యులందరికీ నమస్కారం.

నేను మసాచుసెట్స్‌లో ఉంటాను. ఆదివారాలు పిల్లలకు తెలుగు నేర్పుతాను. 2026 జులై 4కు ఈ దేశం స్వాతంత్ర్యం ప్రకటించుకుని 250 ఏళ్లు నిండుతాయి కాబట్టి ఆ వేడుకలకు పిల్లలతో నాటికలు వేయించాలని అనుకున్నాం. మా పిల్లల వంతుకు 1773 నాటి బోస్టన్ టీ పార్టీ వచ్చింది. పన్నెండు నిమిషాల స్క్రిప్టు. రాజుగారు పన్ను వేస్తాడు, జనానికి కోపం వస్తుంది, తలకు ఈకలు కట్టుకుని ఓడలెక్కి టీ పెట్టెలు నీళ్లలో పారేస్తారు, చివర జెండా, పాట.

రెండో రిహార్సల్ రోజు ఒక పాప అడిగింది: "టీచర్, అది ఈస్టిండియా కంపెనీ టీ కదా, అంటే ఇండియా నుంచే వచ్చిందా?" అవునని చెప్పేశాను. ఇంటికెళ్లి చదువుకుంటే తప్పు చెప్పానని తెలిసింది. ఆ టీ అంతా చైనాది. 1773 నాటికి అస్సాంలో తేయాకు తోటలే లేవు, అవి వచ్చింది తర్వాతి శతాబ్దంలో. మరుసటి ఆదివారం పిల్లల ముందు తప్పు ఒప్పుకుని సరిచేశాను. కానీ ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెట్టాక, మన స్క్రిప్టులో లేని మనుషులు ఒక్కొక్కరే కనబడుతూ వచ్చారు. 1773లో తమ విడుదల కోసం మసాచుసెట్స్ సభకు ఉత్తరం రాసిన నలుగురు బానిసలు వాళ్లలో ముఖ్యులు. వాళ్ల కోసమే ఈ లేఖ రాస్తున్నాను.

నాటిక వద్దని నేను అనడం లేదు. "మా ప్రతినిధులు లేని సభ మా మీద పన్ను వేయకూడదు" అన్న నినాదం మన ఇళ్లలో ఎంత లోతుగా తగులుతుందో నాకు తెలుసు. గ్రీన్‌కార్డు కోసం పది పదిహేనేళ్లుగా ఎదురుచూస్తూ, ప్రతి ఏప్రిల్‌లో ట్యాక్సులు కడుతూ, స్కూల్ బోర్డు ఎన్నికలో కూడా ఓటు వేయలేని తల్లిదండ్రులు మన సంఘాల్లో సగానికి సగం ఉన్నారనిపిస్తుంది. నేనూ ఆ లైన్లోనే ఉన్నాను. అందుకే ఆ డైలాగు మా అబ్బాయి గొంతెత్తి చెప్పినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అయితే ఆ మాటను ఆ రోజుల్లో ఎవరు అనగలిగారు, ఎవరు అన్నా వినేవాళ్లు లేరు అన్నది కూడా పిల్లలకు తెలియాలి కదా.

ముందు ఆ పన్ను సంగతి. స్క్రిప్టులో అది ఒక రాజుగారి దురాశలాగా ఉంది. నిజానికి దాని వెనక ప్రపంచమంతా అంటుకున్న ఒక యుద్ధం ఉంది. 1756 నుంచి 1763 దాకా ఇంగ్లండు, ఫ్రాన్సు కొట్టుకున్న ఆ యుద్ధంలో 1759 సెప్టెంబరులో ఉత్తర అమెరికాలోని క్విబెక్ ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. అంతకు అయిదు నెలల ముందు, అదే యుద్ధంలో భాగంగా, ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల దగ్గర్నుంచి మన బందరు కోటను పట్టుకున్నాడు. దానికి ముందు 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో పోరు జరిగింది. మా అమ్మమ్మగారి ఊరు బందరు పక్కనే. ఆ కోట శిథిలాల గురించి చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. కానీ బోస్టన్ పన్నుల గొడవకూ ఆ కోటకూ ఒకే యుద్ధం మూలమని ఈ వయసులో తెలిసింది.

ఆ యుద్ధం అయ్యేసరికి ఇంగ్లండు ప్రభుత్వం అప్పు దాదాపు రెట్టింపయింది. యుద్ధం మీ రక్షణ కోసం కూడా చేశాం కాబట్టి ఖర్చులో కొంత మీరూ భరించాలని లండన్ పార్లమెంటు అమెరికా వలసల మీద 1765లో స్టాంపు చట్టం తెచ్చింది. స్టాంపు పేపరు అంటే మన పిల్లలకు తెలియకపోవచ్చు గానీ, రిజిస్ట్రార్ ఆఫీసు గుమ్మం తొక్కిన మనకు చెప్పక్కర్లేదు. దస్తావేజు, కోర్టు కాగితం, లైసెన్సు, పంచాంగం, వార్తాపత్రిక, చివరికి పేకముక్కలు, పాచికల మీద కూడా స్టాంపు ఉండాలి. కట్టకపోతే కేసు జ్యూరీ లేని కోర్టులో నడుస్తుంది. అప్పటిదాకా వాళ్ల ఊరి విషయాలు వాళ్ల టౌన్ మీటింగులో, వాళ్ల వలస పన్నులు వాళ్ల అసెంబ్లీలో తేల్చుకోవడం అలవాటైన జనం అది. 1765 ఆగస్టు 14న బోస్టన్‌లో స్టాంపుల పంపిణీకి నియమితుడైన ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మను చెట్టుకు వేలాడదీశారు. అంతకు సరిగ్గా రెండు రోజుల ముందు, ఆగస్టు 12న, మొగల్ చక్రవర్తి షా ఆలం బెంగాల్ దివానీని, అంటే శిస్తు వసూలు హక్కును, ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. మన ఉత్తర సర్కారుల మీద, అంటే కోస్తా జిల్లాల మీద కూడా కంపెనీకి ఫర్మానా వచ్చింది ఆ నెలలోనే. శిస్తు వసూలు మారిపోయింది. అక్కడ రైతును ఎవరూ అడగలేదు.

బోస్టన్ జనం ఊరుకోలేదు. 1766 మార్చిలో స్టాంపు చట్టం రద్దయింది. మళ్లీ 1767లో గాజు, సీసం, రంగులు, కాగితం, టీ మీద సుంకాలు వచ్చాయి. ఇంగ్లండు సరుకు కొనం అని వ్యాపారులు ఒట్టేసుకున్నారు. ఆ ఒట్టు నిలబడింది మాత్రం ఆడవాళ్ల చేతుల్లో. న్యూ ఇంగ్లండు ఊళ్లలో పాస్టరుగారి ఇంట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని రాట్నాలు వడికేవాళ్లు, ఇంగ్లండు బట్ట కొనక్కర్లేకుండా. రాట్నం అనగానే మన పిల్లలకు గాంధీగారు గుర్తొస్తారు. గాంధీగారి కంటే నూటయాభై ఏళ్ల ముందే ఇక్కడ రాట్నం రాజకీయం అయింది. మన స్క్రిప్టులో ఆడపిల్లలకు "అమ్మో, పన్ను!" అనే ఒక్క డైలాగు తప్ప ఏమీ లేదు. ఒక్క రాట్నం పెట్టండి, చాలు.

1770లో ఆ సుంకాలన్నీ తీసేసి టీ మీద మాత్రం పౌనుకు మూడు పెన్నీలు ఉంచారు. ఇక్కడే నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఉంది. 1773 టీ చట్టం టీ ధర పెంచలేదు, తగ్గించింది! కంపెనీ గోదాముల్లో కోటీ డెబ్భై లక్షల పౌన్ల టీ అమ్ముడుపోకుండా పడి ఉంది. కంపెనీ దివాలా అంచుకు వచ్చింది. దాన్ని నిలబెట్టడానికి పార్లమెంటు 14 లక్షల పౌన్ల అప్పు ఇచ్చి, పైగా ఇంగ్లండు సుంకం లేకుండా నేరుగా అమెరికాలో అమ్ముకునే వీలు కల్పించింది. దొంగచాటుగా వచ్చే డచ్చి టీ కంటే అది చౌక. అయినా జనం వద్దన్నారు. చౌకగా ఇస్తూ ఆ మూడు పెన్నీల పన్ను ఒప్పించేస్తారని ఒక భయం. ఊరి వ్యాపారులను పక్కకు నెట్టి కంపెనీ ఎంచుకున్న నలుగురైదుగురే అమ్ముతారన్నది ఇంకో కోపం. బోస్టన్‌లో అలా ఎంచుకున్నవాళ్లలో మసాచుసెట్స్ గవర్నర్ హచిన్సన్ కొడుకులు ఇద్దరున్నారు.

ఆ కంపెనీ ఎలాంటిదో అమెరికా జనానికి తెలుసా? తెలుసు! పెన్సిల్వేనియా లాయరు జాన్ డికిన్సన్ 1773 నవంబరు 27న మారుపేరుతో ఒక ఉత్తరం రాశాడు. ఆసియాలో ఈ కంపెనీ యుద్ధాలు చేసింది, రాజులను గద్దె దించింది, లాభం కోసం లక్షల మందిని బలిపెట్టింది అని అందులో ఉంది. ఒక్క ఏడాదిలో పదిహేను లక్షల మంది ఆకలితో చచ్చిపోయారట, నేల పండక కాదు, కంపెనీవాళ్లు తిండిగింజలన్నీ పోగేసి పేదవాడు కొనలేని ధర పెట్టడం వల్ల, అని రాశాడు. 1770 నాటి బెంగాల్ కరువు గురించి ఫిలడెల్ఫియాలో జనం చదివారన్నమాట. ఇప్పుడు అదే కంపెనీ మన మీదికి వస్తోంది అని ఆయన హెచ్చరిక. ఇది చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మన నేల మీద చచ్చిపోయినవాళ్లు ఇక్కడి స్వాతంత్ర్య పోరాటంలో ఒక వాదన అయ్యారు. మన పిల్లలకు ఇది చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

అదే డికిన్సన్ దగ్గర బానిసలున్నారు. 1777లో గానీ వాళ్ల విడుదలకు పత్రం రాయలేదు, అదీ షరతులతో. బెంగాల్ ఆకలి అర్థమైన మనిషికి తన పొలంలో పనిచేసేవాళ్లు అంతకాలం కనబడలేదు. ఆ రోజుల్లో పన్నులకు వ్యతిరేకంగా వచ్చిన కరపత్రాలు తీస్తే "మమ్మల్ని బానిసలను చేస్తున్నారు" అన్న మాట పదే పదే కనిపిస్తుంది. అదే పత్రికల్లో, ఆ వ్యాసాల పక్కనే, మనుషుల అమ్మకం ప్రకటనలు, పారిపోయినవాళ్లను పట్టిస్తే బహుమానం అన్న ప్రకటనలు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ నడిపిన పత్రికలో కూడా అవి వచ్చేవి.

ఇది దక్షిణాది సంగతి, బోస్టన్‌ది కాదు అనుకునేదాన్ని నేను. అప్పటి మసాచుసెట్స్‌లో సుమారు 5,000 మంది నల్లజాతివారు ఉన్నారు, ఎక్కువమంది బానిసలే. మీలో చాలామంది బోస్టన్ వచ్చినప్పుడు ఫాన్యుల్ హాల్ ముందు ఫొటోలు దిగి ఉంటారు. పన్నులకు వ్యతిరేకంగా టౌన్ మీటింగులు జరిగింది అక్కడే. 1742లో దాన్ని ఊరికి కట్టించి ఇచ్చిన పీటర్ ఫాన్యుల్ సంపాదనలో బానిసల వ్యాపారం డబ్బు కూడా ఉంది. ఇంకా వెనక్కి పోతే వర్జీనియా. 1619 జులై చివర్లో అక్కడ ఇంగ్లీషు అమెరికాలో మొట్టమొదటి ఎన్నికైన అసెంబ్లీ సమావేశమైంది. నెల తిరగకుండా, ఆగస్టు ఆఖరులో, అదే తీరానికి ఇరవై మంది పైచిలుకు ఆఫ్రికన్లను ఓడలో తెచ్చి అమ్మారు.

ఇప్పుడు మీకు ఆ నలుగురి గురించి చెప్పాలి.

1773 జనవరి 6న గవర్నర్ హచిన్సన్‌కూ, మసాచుసెట్స్ సభకూ ఒక అర్జీ చేరింది. కింద "ఫీలిక్స్" అన్న ఒక్క పేరే ఉంది. "మాకు ఆస్తి లేదు! భార్యలు లేరు! పిల్లలు లేరు! ఊరు లేదు! దేశం లేదు!" అని అందులో ఉంటుంది. పెళ్లాం బిడ్డలు ఉండీ లేనట్టే, ఎందుకంటే యజమాని ఎప్పుడైనా ఎవరినైనా అమ్మేయొచ్చు. మూడు నెలల తర్వాత, ఏప్రిల్ 20న, ఇంకో ఉత్తరం వచ్చింది. ఈసారి అచ్చు వేసి, ఊళ్ల ప్రతినిధులకు చేరేలా పంపారు. నాలుగు సంతకాలు: పీటర్ బెస్టెస్, సాంబో ఫ్రీమన్, ఫీలిక్స్ హోల్‌బ్రూక్, చెస్టర్ జోయి. "ఈ రాష్ట్రంలోని మా తోటి బానిసల తరఫున, వాళ్ల కమిటీ ఆదేశం మీద" అని రాశారు.

కమిటీ! అప్పటికి అయిదు నెలల క్రితమే, 1772 నవంబరులో, పన్నుల మీద పోరాడుతున్న నాయకుడు శామ్యూల్ ఆడమ్స్ చొరవతో బోస్టన్ టౌన్ మీటింగు ఊళ్లతో ఉత్తరాలు నడపడానికి ఒక కమిటీ వేసుకుంది. బానిసలు కూడా తమకంటూ ఒక కమిటీ పెట్టుకున్నారు. యజమానుల రాజకీయాన్ని గమనించారు, నేర్చుకున్నారు, అదే పద్ధతిలో అదే సభ తలుపు తట్టారు.

ఉత్తరం మొదట్లోనే ఇలా ఉంటుంది. గత సమావేశాల్లో ఈ సభ తనను తాను బానిసత్వం నుంచి విడిపించుకోవడానికి చేసిన ప్రయత్నం చూసి, ఆ దీనస్థితిలోనే ఉన్న మాకు ఎంతో తృప్తి కలిగింది. తర్వాత ఈ వాక్యం: "తోటి మనుషులు తమను బానిసలుగా చేయాలని పన్నిన పన్నాగాలకు ఇంత ఘనంగా ఎదురు నిలిచిన మనుషుల నుంచి మేం గొప్ప పనులు ఆశిస్తున్నాం."

ఈ వాక్యాన్ని నేను క్లాసులో బోర్డు మీద రాశాను. పెద్ద పిల్లలు కాసేపు మాట్లాడలేదు. మర్యాద ఎక్కడా తప్పలేదు, ఒక్క తిట్టు లేదు. కానీ సభలో కూర్చున్న ప్రతి పెద్దమనిషీ తన ఇల్లు తాను చూసుకోక తప్పని మాట అది.

అడిగింది కూడా ఎంత కొంచెమో చూడండి. స్పెయిన్‌వాళ్లకు ఇంగ్లీషువాళ్లంతటి స్వేచ్ఛా భావాలు లేకపోయినా, తమ బానిసలకు వారంలో ఒక రోజు సొంత పనికి వదిలేస్తారు, ఆ సంపాదనతో మిగతా రోజులు కొనుక్కోవచ్చు, ఆ వీలు మాకూ కల్పించండి అన్నారు. విడుదలయ్యాక డబ్బు కూడబెట్టుకుని ఆఫ్రికా తీరానికి వెళ్లి అక్కడ ఊరు కట్టుకుంటాం, అప్పటిదాకా మీరు పెట్టిన చట్టాలకు లోబడి ఉంటాం అన్నారు. వారానికి ఒక రోజు! సభ ఆ కోరిక తీర్చలేదు. 1774లో బానిసల దిగుమతి ఆపే బిల్లు ఒకటి పాస్ చేసింది గానీ దానికి గవర్నర్ ఒప్పుకోలేదు. మసాచుసెట్స్‌లో బానిసత్వం కోర్టు తీర్పులతో కూలింది 1780ల మొదట్లో. అందులోనూ ఎలిజబెత్ ఫ్రీమన్, క్వాక్ వాకర్ లాంటి బానిసలు స్వయంగా కేసులు నడిపి గెలిస్తేనే.

ఆ ఉత్తరం వచ్చిన ఎనిమిది నెలలకు టీ పార్టీ. డిసెంబరు 16 రాత్రి మూడు ఓడల నుంచి 342 పెట్టెలు నీళ్లలో పడ్డాయి. ఆ మూడింట్లో ముందు వచ్చిన ఓడ పేరు డార్ట్‌మత్. దాంట్లో టీతో పాటు ఇంకో సరుకు కూడా వచ్చింది, ఫిలిస్ వీట్లీ కవితల పుస్తకాలు. ఏడేళ్ల పిల్లగా 1761లో ఆమెను బోస్టన్‌లో అమ్మారు. తెచ్చిన ఓడ పేరే ఆమెకు పెట్టారు. మరో పన్నెండేళ్లు గడిచేసరికి లండన్‌లో పుస్తకం అచ్చయ్యేంత కవయిత్రి అయింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఆమె శామ్సన్ ఆకమ్ అనే మోహీగన్ మూలవాసి తెగ పాస్టరుకు రాసిన ఉత్తరం పత్రికలో వచ్చింది. "ప్రతి మనిషి గుండెలో దేవుడు ఒక తత్వాన్ని నాటాడు, దాన్ని మనం స్వేచ్ఛ మీద ప్రేమ అంటాం. అది పీడనను సహించదు, విముక్తి కోసం పరితపిస్తుంది" అని రాసింది. అప్పటికి ఆమెకు ఇరవై, ఇరవై ఒకటి ఉంటుందేమో. మా క్లాసులో తెలుగు పద్యాలు కంఠతా పట్టే ఒక అమ్మాయి ఉంది, ఈ కథ చెప్పినప్పటి నుంచి ఫిలిస్ వేషం తనదే అంటోంది.

ఈకల సంగతి కూడా ఒకటి చెప్పాలి. టీ పారేసినవాళ్లు మోహాక్ తెగవాళ్లలా వేషం వేసుకున్న మాట నిజమే. కానీ మన స్టేజీ మీద పిల్లలకు రంగు ఈకలు, మొహానికి గీతలు దయచేసి వద్దు. మోహాక్‌లు ఇప్పుడూ ఉన్నారు, మన పిల్లల స్కూళ్లలో ఆ ప్రాంతపు మూలవాసుల పిల్లలు చదువుతున్నారు. పైగా అప్పటి రాజకీయంలో వాళ్లది వేషాల పాత్ర కాదు. 1763లో రాజు అపలాచియన్ కొండలకు పడమర స్థిరపడొద్దని గీత గీశాడు, అది మూలవాసుల భూమి అన్నాడు. ఆ గీత మీద వలసవాళ్లకు వచ్చిన కోపం కూడా ఈ తిరుగుబాటుకు ఒక కారణం. పిల్లలు మామూలు కోట్లు వేసుకుని, మొహానికి కాస్త మసి రాసుకుంటే సరిపోతుందని మొదట అనుకున్నాను. అదీ సరికాదు, నల్లవాళ్ల వేషం అనిపిస్తుంది. పాత దుప్పట్లు కప్పుకుంటే చాలు, ఆ రాత్రి చాలామంది చేసింది అదే.

మీ అభ్యంతరం నేను ఊహించగలను. పిల్లల ప్రోగ్రాం, పండగ పూట, బయటి అతిథులు వస్తారు, ఇంత బరువెందుకు అంటారు. మనం ఈ దేశంలో కొత్తవాళ్లం, వాళ్ల పండగ రోజు వాళ్ల తప్పులెత్తితే బాగుంటుందా అని ఒక పెద్దాయన నాతో ప్రేమగానే అన్నారు. ఆయనకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. పీటర్ బెస్టెస్, ఫిలిస్ వీట్లీ పరాయివాళ్లు కారు, వాళ్లూ ఈ దేశమే. మనకు వీసాలు వచ్చే దారి తెరిచిన 1965 వలస చట్టం, నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం నడిచిన ఆ రోజుల్లోనే వచ్చింది. ఆ పోరాటపు మూలాల్లో 1773 నాటి ఇలాంటి ఉత్తరాలు కూడా ఉన్నాయి. మనం ఇక్కడ ఇళ్లు కొనుక్కున్నాం, గుళ్లు కట్టుకున్నాం. వాళ్ల ఉత్తరం ఒక్కసారి గట్టిగా చదవడానికి మనకెందుకు సంకోచం?

స్క్రిప్టు మొత్తం మార్చమని అడగడం లేదు. టీ పెట్టెలు పడేసే సీనుకు ముందు నాలుగు నిమిషాలు కావాలి. రాజుగారి పాట ఒక చరణం తగ్గిస్తే ఆ టైము దొరుకుతుంది. డికిన్సన్ మాటలు ఒక పత్రికలు అమ్మే కుర్రాడితో చెప్పించవచ్చు, బెంగాల్ పేరు స్పష్టంగా వినిపించాలి. రాట్నం మా ఇంట్లోనే ఉంది, మా నాన్నగారిది, తీసుకొస్తాను.

ఏప్రిల్ 20 ఉత్తరాన్ని మేం క్లాసులో కలిసి తెలుగు చేశాం. ఒకటిన్నర పేజీ వచ్చింది. "స్లేవరీ"కి బానిసత్వం అనాలా, దాస్యం అనాలా అని పిల్లలు ఒక ఆదివారమంతా వాదించుకుని చివరికి బానిసత్వం అనే తేల్చారు. సంతకాల దగ్గర ఒక్కో పేరు చదవడానికి నలుగురు పిల్లలు ముందుకొచ్చారు. వచ్చే రిహార్సల్‌లోగా మీ జవాబు తెలిస్తే వాళ్లకు చెబుతాను.

ఇట్లు,
ఆదివారం తెలుగు క్లాసు టీచరు
మసాచుసెట్స్